గాలి పోయిన చోట డీజిల్ పోశారు: కడపలో ఒక పాత థార్ కేసు

బండి వివరాలు ముందే చెప్పేస్తా. మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, 2012 మోడల్, కాన్వాస్ టాప్, ఫోర్ బై ఫోర్. 2498 సీసీ టర్బో డీజిల్, కంపెనీ లెక్కలో 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్. ఓనరు ఎర్రగుంట్ల దారిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడుపుతాడు. బండి వాడకమంతా గనికీ, యూనిట్‌కూ, ఇంటికీ మధ్యే. పని జరిగింది కడపలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో. లిఫ్టు లేదు. స్టాండులు, కంప్రెసరు, సీఓటూ వెల్డింగ్ మిషను, స్కానరు ఉన్నాయి. ఇంజెక్టర్ల క్యాలిబ్రేషన్, టర్బో కోరు (షాఫ్టు, చక్రాలు ఉండే మధ్య భాగం) బ్యాలెన్సింగ్, హుడ్డు (కాన్వాస్ కప్పు) కుట్టడం తప్ప మిగతాదంతా ఇక్కడే చేశాం.

ఆయన చెప్పిన బాధలు: బండి లాగడం లేదు, యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్లగా కమ్ముతోంది, ఘాట్ ఎక్కితే హీటు, వానొస్తే కాళ్ల కింద నీళ్లు. అడిగింది మాత్రం వేరే. "చిప్పు పెట్టు, టైర్లు పెద్దవెయ్యి, కొత్త బండి మాదిరి చేసియ్యి అబ్బీ" అన్నాడు. చిప్పంటే ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచే సామాను.

ఈ మోడల్ 2010 అక్టోబరులో వచ్చింది. 2020లో కొత్త థార్ దిగేసరికి పాతది ఆగిపోయింది. కాన్వాస్ విప్పితే జీపు, బానెట్ ఎత్తితే కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడిలో ఉన్న డీజిల్‌ను ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ పంచే పద్ధతి). వెనక పట్టీ స్ప్రింగులు, ముందు టార్షన్ బార్లు. సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి, మన పక్క మెకానిక్కులకు చేతికి అలవాటైన బండి. కప్పు తీసేసే టర్బో బండి మీద ఇంట్లో పనిచేయాలనుకునేవాడికి ఇంతకంటే తగింది మన దగ్గర నాకు కనపడలేదు.

మందు మీద మందు

పానా పట్టకముందు పాత బిల్లులు తెమ్మన్నా. సగం బిల్లులు, సగం ఆయన జ్ఞాపకం కలిపి వరసగా రాసుకుంటే కథ ఇదీ. మొదట బండి లాగుడు తగ్గింది. ఒకాయన ఫిల్టర్లు మార్చాడు, తేడా రాలేదు. ఇంకొకాయన "పవర్ బాక్స్" పెట్టాడు. లాగుడు వచ్చింది, దాంతోపాటు పొగా వచ్చింది. ఆ తర్వాతే హీటు మొదలైంది. హీటని మూడో ఆయన థర్మోస్టాట్ వాల్వు పీకేశాడు. వాల్వు పోయాక పొద్దున్నే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పట్టేది, మైలేజీ పడిపోయింది, ఘాట్‌లో హీటు మాత్రం అలాగే ఉంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశారు.

ఇందులో అసలు రోగం మొదటిదొక్కటే. మిగతావన్నీ ముందు చేసిన వైద్యం తెచ్చిపెట్టినవి. అందుకే చివరి మందు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ తీసేస్తూ పోవాలనుకున్నా. చిప్పు సంగతి ఆ తర్వాత.

నల్ల డబ్బా

రైల్ ప్రెజర్ సెన్సరు వైరింగ్ మధ్యలో టేపు చుట్టి కట్టిన చిన్న నల్ల డబ్బా ఉంది. రెండో ఆయన పెట్టిన పవర్ బాక్స్ ఇదే. దాని పని తీరు తెలిస్తే ఈ కేసు సగం అర్థమైనట్టే. రైల్లో డీజిల్ ఒత్తిడి ఎంతుందో సెన్సరు ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఈ డబ్బా మధ్యలో కూర్చుని ఆ విలువను తగ్గించి పంపుతుంది. ఒత్తిడి చాలడం లేదనుకుని ఈసీయూ పంపును ఇంకా నొక్కిస్తుంది. ఇంజెక్టరు తెరుచుకునే సమయం మారదు, ఒత్తిడి పెరిగింది కాబట్టి అదే సమయంలో ఎక్కువ డీజిల్ పడుతుంది. గాలి మాత్రం ఆ మేరకు పెరగదు.

ఇంకో తిరకాసు ఉంది. స్కానరు పెట్టి చూస్తే రైల్ ప్రెజర్ నార్మల్‌గానే కనిపిస్తుంది. స్కానరు చూపించేది ఈసీయూ నమ్మే అంకెనే కదా, రైల్లో ఉన్న అసలు అంకెను కాదు. ముందు చూసినవాళ్లు స్కాన్ చేసి "సిస్టమ్ ఓకే" అనడానికి కారణం ఇదే. సెన్సరు నుంచి ఈసీయూ దాకా వైరును చేత్తో పట్టుకుని పోతేనే ఈ డబ్బా దొరుకుతుంది.

డబ్బా తీసి వైరింగ్ అసలుకు తెచ్చి నడిపితే పొగ బాగా తగ్గింది. లాగుడు ఇంకా అధ్వానం. ఓనరు మొహం చూడాలి. నాకు మాత్రం అక్కడే ఊపిరి వచ్చింది. రోగం ముసుగు తీసి ఎదురుగా నిలబడింది. బూస్ట్ గేజ్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపించేది) తగిలించి లోడ్ మీద చూస్తే 0.4 బార్ దాటడం లేదు. ఈ ఇంజిన్ లాగాలంటే దానికి రెట్టింపు పైనే రావాలి.

గాలి ఎక్కడ పోతోంది

ఈ పరీక్షకు ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. ప్లంబింగ్ షాపులో పీవీసీ ఎండ్ క్యాప్ తెచ్చి, మధ్యలో తూటు వేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాను. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే పైపు ఊడదీసి ఆ చోట ఈ క్యాప్ పెట్టి క్లాంపు వేయాలి. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపును (ఇంజిన్ అడుగు భాగంలోని గాలి బయటికి వచ్చే గొట్టం) విడిగా మూసేయాలి. లేకపోతే గాలంతా సంపులోకి పోయి ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. కంప్రెసరు రెగ్యులేటర్‌ను 1 బార్ లోపే పెట్టి మెల్లగా గాలి ఎక్కించాలి. సైలెన్సర్ వైపు సన్నగా బుస్సుమంటే కంగారు పడొద్దు. ఏదో ఒక సిలిండర్లో వాల్వులు తెరిచి ఉంటాయి, క్రాంకును కొంచెం తిప్పితే ఆ చప్పుడు మారుతుంది.

సబ్బు నీళ్లు చల్లుకుంటూ పోతే మొదటి లీకు ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) కింది హోస్ దగ్గర దొరికింది. క్లాంపుకు ఆనుకుని కింది వైపు, కళ్లకు కనపడని, చేత్తో తడిమినా తెలియని చోట రబ్బరు పొర విడిపోయి ఉంది. గాలి ఎక్కగానే చీలిక తెరుచుకుని నురగ పిడికిలంత ఉబ్బింది. గాలి తీయగానే మూసుకుపోయింది, చీలిక ఉన్నట్టే తెలియదు. ఇంజిన్ ఆపి బానెట్ ఎత్తి చూసినవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. రెండో లీకు ఇంటర్‌కూలర్ పక్క ట్యాంకు మడత దగ్గర, సన్న బుడగల వరస.

అంటే టర్బో కష్టపడి కుక్కిన గాలి దారిలో బయటికి పోయేది. దాన్ని మూయకుండా డీజిల్ పెంచి లాగుడు తెప్పించారు. గాలి చాలక కాలని డీజిల్ పొగ అయింది. సిలిండరుకు అందే గాలితో పోలిస్తే డీజిల్ ఎక్కువైతే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఆ వేడి టర్బోకు, హెడ్డుకు, అక్కడి నుంచి కూలెంట్‌కు.

టర్బో, నాపరాతి పొడి

ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉండే పైపులో వేలు పెట్టి తుడిస్తే తెల్లటి పొడి అంటింది. అక్కడ పొడి ఉండకూడదు. ఫిల్టర్ బయటికి కొత్తగానే ఉంది, కానీ డూప్లికేటు. అంచు రబ్బరు గట్టిపడి బాక్సుకు సరిగ్గా ఆనడం లేదు. నాపరాయి సున్నపురాయే, మెత్తదే. దాంతో కలిసి వచ్చే సిలికా, దారి మట్టిలోని క్వార్ట్జ్ మెత్తవి కావు. టర్బో కంప్రెసర్ చక్రం అల్యూమినియంది, లోడ్ మీద నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో రేణువు తగిలితే బ్లేడు అంచు కోసుకుపోతుంది. ఈ చక్రం అంచులు పదును పోయి గరుకుగా, పళ్లు పళ్లుగా ఉన్నాయి. షాఫ్టును ముందుకీ వెనక్కీ కదిపి డయల్ గేజ్ పెడితే ఆట మిల్లీమీటరులో పదో వంతు కంటే ఎక్కువుంది. పక్కకు కొంచెం ఊగడం మామూలే, ముందువెనకల ఆట అంత ఉండకూడదు. కోరు మార్చక తప్పలేదు.

కొత్త కోరు బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. ఆయిల్ ఫీడ్ పైపులో నల్లటి కోకు గడ్డకట్టి రంధ్రం సన్నబడింది. గనిలో ఎక్కీ దిగీ, వేడి మీదున్న ఇంజిన్‌ను టక్కున ఆపేసే అలవాటు వల్ల వచ్చేదే ఇది. టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడిపోతుంది. ఫీడ్ పైపు కొత్తది వేశాం. రిటర్న్ పైపు విప్పి కడిగాం. ఆయిల్ ఆ పైపులో బరువుతోనే కిందికి జారాలి. అది మూసుకుంటే ఎంత మంచి టర్బో అయినా సీళ్ల దగ్గర ఆయిల్ కక్కుతుంది. బిగించాక ఫీడ్ రంధ్రంలో ఆయిల్ పోసి, ఇంజిన్ అంటుకోకుండా ఇంజెక్టర్ల కనెక్షన్ తీసి సెల్ఫ్ కొట్టి, రిటర్న్‌లో ఆయిల్ కనిపించాకే స్టార్ట్ చేశాం.

కొత్త ఫిల్టర్ సరిగ్గా ఆనుతోందా అన్నదానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఫిల్టర్ తర్వాతి పైపు లోపల పలుచగా గ్రీజు రాసి, గని దారిలో తిప్పి తెచ్చి విప్పి చూడాలి. గ్రీజు మీద గరుకు తగలకపోతే సీలు పట్టినట్టు. మాది పట్టింది.

ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు సీసాలు కట్టి చూస్తే మూడో సిలిండర్‌ది మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండింది, అంటే ఆ ఇంజెక్టరు లోపల డీజిల్ కారుతోంది. దాన్ని బెంచి మీదికి పంపాం. తిరిగొచ్చాక దాని కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి. చాలామంది ఈ పని వదిలేసి ఐడ్లింగ్‌లో అదురు వస్తోందని మళ్లీ వస్తారు. ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపేది) మసితో సగం తెరిచి ఇరుక్కుంది. రేకు పెట్టి మూసేయడం మన దగ్గర రివాజు, నేను మూయను. అది పొల్యూషన్ రూలుకు విరుద్ధం, ఈసీయూ లెక్కలు కూడా దాన్ని పట్టే ఉంటాయి. కడిగి, ఆడేట్టు చేసి పెట్టేశా.

హీటు

మన సీమలో హీటు అనగానే మొదట పీకేది థర్మోస్టాట్‌నే. వేడి ఊరు కదా, వాల్వెందుకంటారు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు: రేడియేటర్ దారి తెరవడం, బైపాస్ దారి మూయడం. పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అంటే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్లోకి తిరిగొస్తుంది. మామూలు రోడ్డు మీద చల్లగా ఉండి, ఘాట్‌లో హీటెక్కే బండి అలా తయారవుతుంది.

ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ మధ్య సందుల్లో రాతిపొడి, ఆయిల్ కలిసి గట్టి పేస్టులా పట్టుకుంది. పైపుతో ముందు నుంచి కడిగితే అది ఇంకా లోపలికి పోతుంది. మూడూ విడదీసి వెనక నుంచి కడిగాం. ఇంటర్‌కూలర్‌ను ఎలాగూ మార్చాలి కాబట్టి అదే చోట పట్టే కొంచెం మందపాటి కోరుది వేశాం. నేను ఒప్పుకున్న మార్పుల్లో పెద్దది ఇదే. ఫ్యాన్ క్లచ్ (వేడెక్కితే ఫ్యాన్‌ను గట్టిగా తిప్పేది) వేడి మీద కూడా పట్టడం లేదు, మార్చాం. ఇక బోరు నీళ్ల సంగతి. కడపోళ్లు ఇంట్లో గీజరు కాయిల్ విప్పి చూస్తే చాలు, రేడియేటర్ గొట్టాల్లో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. డీస్కేలింగ్ చేసి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోశాం. రేడియేటర్ మూత కూడా కొత్తదే. మూత 1 బార్ ఒత్తిడి ఆపగలిగితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు చచ్చిపోతే ఆ రక్షణంతా పోయినట్టే.

టర్బో ఊడదీసి ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు తూటు వేసి థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సరు) పెట్టాను. టర్బో ఉండగా తూటు వేస్తే ఇనుప పొట్టు టర్బైన్లోకి పోతుంది.

టెస్టుకు గువ్వలచెరువు ఘాట్ కంటే మంచి చోటు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ వేసి, మూడో గేరులో లాగించాం. బూస్ట్ 0.9 బార్ దాకా వచ్చి నిలబడింది. ఎగ్జాస్ట్ 620 డిగ్రీల దగ్గర ఆగింది. ఎంతసేపైనా 700 దాటకుండా చూసుకోమని ఓనరుకు చెప్పి ఉన్నా. కూలెంట్ వంద లోపే. అద్దంలో పొగ లేదు. పైన కోవా అంగళ్ల దగ్గర ఆపితే ఆయన అడిగిన మొదటి మాట:

"ఇప్పుడా డబ్బా మళ్లీ పెడితే ఇంకా లాగుతాది కదబ్బీ?"

"లాగుతాది న్నా. ఈ ముల్లు యాడికి పోతాదో నువ్వే చూసుకో" అని గేజ్ చూపించా. పాలకోవా మీద పెట్టిన శ్రద్ధతో గేజ్ కూడా చూశాడు. డబ్బా ఇంకా మా షెడ్డు అలమారలోనే ఉంది.

ఎండల ఊర్లో తుప్పు

కడపలో తుప్పేందని నవ్వుతారు. సీట్లు తీసి రబ్బరు మ్యాట్ ఎత్తితే కింద మందపాటి ఫెల్ట్ పరిచి ఉంది. చప్పుడు తగ్గుతుందని బయట యాక్సెసరీ షాపులో వేయించింది. వాన పడి చాలా రోజులైనా దాన్ని పిండితే నీళ్లు కారాయి. చిరిగిన హుడ్డు కుట్ల నుంచి, పక్క పరదాల కింది నుంచి, వారం వారం పైపు పెట్టి కడిగిన నీళ్లు, కార్తీక మాసం తుపాను వానలు అన్నీ అందులోకే చేరాయి. పైన రబ్బరు, కింద రేకు, మధ్యలో తడి. నీళ్లు పోయే రంధ్రాలను ఫెల్టే మూసేసింది. బయట 43 డిగ్రీల ఎండ కాస్తున్నా ఆ రేకుకు ఎండ తగలదు.

కింది వైపు నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించి ఉంది, చూడటానికి కొత్తగా. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే డ్రైవరు కాళ్ల దగ్గర అటు నుంచి ఇటు దిగింది. తుప్పు మీద కోటింగ్ కొడితే తుప్పును దాచిపెట్టినట్టే.

ఈ పనిలో అడ్డదారి లేదు. రేకు మెరిసే దాకా కోసేయాలి. లప్పం, ఫైబర్ గుడ్డ లాంటివి ఫ్లోరు మీద నేను వేయను, కాళ్లు పెట్టే చోటు అది. అట్టపెట్టె కత్తిరించి ఆకారం తీసుకుని, 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఇనుప షీటు కోసి, గట్ల చోట సుత్తితో కొట్టి వంపు తెచ్చాం. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఈసీయూ కనెక్టర్ తీసేశాం, డీజిల్ ట్యాంకు దించేశాం. ఒకే చోట వరసగా వెల్డింగ్ లాగితే పలుచటి రేకు పాపడంలా ముడుచుకుంటుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేసి, చల్లారనిచ్చి, మధ్యలు పూడ్చుకుంటూ రావాలి. రేకు మీద రేకు పడే చోట ముందే జింక్ ప్రైమర్. ఆ పైన కీళ్లకు సీలెంట్, ఎపాక్సీ ప్రైమర్, పెయింటు. అండర్ కోటింగ్ అన్నిటికంటే చివర. ఫెల్ట్ మళ్లీ వేయలేదు. కొంచెం చప్పుడు ఉంటుందని ముందే చెప్పేశా. మొత్తం కేసులో ఎక్కువ కూలి ఈ ఫ్లోరుకే అయింది, టర్బోకు కాదు.

హుడ్డు

పాత హుడ్డు పీవీసీ ఎండకు బిరుసెక్కి మడత పెడితే పగులుతోంది. వెనక కిటికీ పసుపుపచ్చ అయిపోయి అవతల ఏముందో కనపడదు. విదేశీ కన్వర్టిబుల్ కార్లకు పైన యాక్రిలిక్ బట్ట, మధ్యలో రబ్బరు, కింద నూలు లాంటి బట్ట కలిపిన మూడు పొరల గుడ్డ వాడతారు. దాని ధరకు మన పని తేలదు. పాలిస్టర్ మీద పీవీసీ పూసిన మందపాటి గుడ్డ తీసుకున్నాం. రంగు నలుపు వద్దని, గోధుమ రంగుకు ఓనరును ఒప్పించాను.

కుట్టింది లారీ పట్టాలు, సీట్లు కుట్టే భాయ్. ఆయన దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. బండి మీద పాత హుడ్డు ఉండగానే సుద్దతో బటన్ల చోట్లు, ఫ్రేము గొట్టాల చోట్లు గీశాడు. ఆ తర్వాత దాన్ని కుట్లు విప్పి ముక్కలు నేల మీద పరిచాడు. పాత గుడ్డ ఎండకు సాగిన చోట సాగింది, ముడుచుకున్న చోట ముడుచుకుంది కాబట్టి దాన్నే కొలతగా నమ్మలేదు, సుద్ద గీతలను నమ్మాడు. నైలాన్ దారం నా చేతిలో చూసి, "ఇది ఎండకు చస్తాది అన్నా, పాలిస్టర్ దారం తే" అన్నాడు. నిజమే, ఎండకు ఓర్చుకోవడంలో నైలాన్ కంటే పాలిస్టర్ నయం. పైకప్పు కీలును ఒక గుడ్డ అంచు ఇంకో అంచులోకి మడిచి రెండు వరసల కుట్టు వేసి, మడత నోరు వెనక్కి ఉండేట్టు తిప్పాడు. బండి పోతున్నప్పుడు వాన నీళ్లు ఆ నోట్లోకి కొట్టవు. కుట్ల మీద లోపలి నుంచి సీలెంట్ పూత.

బిగింపు టైము మీద కూడా ఆయనదే తీర్పు. మిట్టమధ్యాహ్నం గుడ్డ సాగి ఉన్నప్పుడు బిగించి బటన్లు కొడితే, పూసం చలి పొద్దున జిప్పు రాదు. మరీ చల్లటి పొద్దున కొడితే మధ్యాహ్నానికి జారి గాలికి కొట్టుకుంటుంది. పొద్దున తొమ్మిది, పది మధ్య కొట్టించాడు.

ఒప్పుకోనివి

చిప్పు ప్రస్తావన ఘాట్ తర్వాత మళ్లీ రాలేదు. టైర్ల ప్రస్తావన మాత్రం పోలేదు. 31 అంగుళాలవి కావాలంటాడు. కంపెనీ 235/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 735 మిల్లీమీటర్లు, 31 అంగుళాలంటే 787. ఏడు శాతం పెద్దది. మీటరు 80 చూపిస్తుంటే బండి 85 దాటి పోతుంటుంది. అన్ని గేర్లూ ఆ మేరకు పొడవవుతాయి. అంటే ఇంత కష్టపడి తెచ్చిన లాగుడులో ఏడు శాతం టైర్లకు ఇచ్చేసినట్టు. బ్రేకులకూ బరువు పెరుగుతుంది. దీనికి తోడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేవి ఇలాంటివే. కంపెనీ సైజులోనే గరుకు పట్టు ఉన్న టైర్లు వేశాం.

బూస్ట్, ఎగ్జాస్ట్ వేడి గేజ్‌లు, కూలెంట్ తగ్గితే మోగే బజరు, హెడ్‌లైట్లకు రిలే, బ్రీదర్ దారిలో ఆయిల్ పట్టే చిన్న డబ్బా. మిగతా మార్పులు ఇవే, అన్నీ విప్పితే బండి మళ్లీ కంపెనీది అయ్యేట్టు పెట్టాం.

ఇంకా మిగిలినవి కొన్ని ఉన్నాయి. వెనక డిఫరెన్షియల్ పినియన్ సీలు చెమరుస్తోంది, ట్రాన్స్‌ఫర్ కేస్ లీవరు బుష్షులు అరిగాయి. ఘాట్ దిగాక, గని ఎక్కి వచ్చాక ఇంజిన్‌ను ఒక నిమిషమన్నా ఐడ్లింగ్‌లో ఉంచి ఆపమని డ్యాష్‌బోర్డు మీద తెలుగులో స్టిక్కర్ అంటించాం, డ్రైవరు కోసం. ఈశాన్య రుతుపవనాల మొదటి పెద్ద వాన పడ్డాక మ్యాట్లు తీసి వెల్డింగ్ కీళ్లు, నీళ్ల రంధ్రాలు చూడటానికి బండి మళ్లీ షెడ్డుకు రావాలి. పినియన్ సీలు అప్పుడే మారుస్తా.